మా పాప నీలి కళ్ళు, నా తెల్ల పాయ

మా పాపకి వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్, అంటే కళ్ళ, జుట్టు రంగునీ వినికిడినీ దెబ్బతీసే జన్యు సమస్య. పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. ఆపరేషన్ అయి ఇప్పుడు వింటోంది, మాట్లాడుతోంది కాబట్టే ఇదంతా రాసే ధైర్యం వచ్చింది.

పుట్టగానే ఆ నీలి కళ్ళు చూసి చుట్టాలంతా "దొరసాని పుట్టింది" అని మురిసిపోయారు. ఎంత పిలిచినా తిరగట్లేదని విజయవాడలోనే ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన తలెత్తి కూడా చూడకుండా "కొందరికి మాటలు లేటుగా వస్తాయమ్మా, ఊరికే టెన్షన్ పడకండి" అనేశారు. ఆ ఒక్క మాటతో ఎంత కాలం పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చిన్నప్పటి నుంచీ నా నుదుటి మీద జుట్టులో ఉన్న తెల్ల పాయ ఆయన ఎదురుగానే ఉంది, మా నాన్నకీ ఉండేది. చివరికి బెరా టెస్ట్ (చెవి నుంచి మెదడుకి శబ్దం చేరుతోందో లేదో చూసేది) చేసిన అమ్మాయే దాన్ని గమనించి జన్యు పరీక్షకి పంపించింది, పాక్స్3 జన్యువులో మార్పు ఉందని తేలింది. ఒంటికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు లోపలి చెవి పనిచేయడానికీ కావాలట. నాకు జుట్టుతో ఆగింది, పాపకి చెవుల దాకా వెళ్ళింది.

ఇంట్లో మాత్రం "మేనరికం చేసుకుంటే ఇంతే" అన్నారు. దీనికి మేనరికంతో పనే లేదు, తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య నమ్మలేదు, కానీ స్పీచ్ థెరపీకి ఎండలో పాపని ఎత్తుకుని తిరిగింది కూడా ఆవిడే.

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్, ఆరోగ్యశ్రీలో అయింది. దానికి బయట చెవి దగ్గర పెట్టుకునే మిషన్ బ్యాటరీలతో నడుస్తుంది. ఆపరేషన్‌కి కూడా నేనంత భయపడలేదు, భయపడింది 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు. కరెంటు లేదు, మేడ మీద ఉన్నాం, చెవి మిషన్ బ్యాటరీలు అయిపోయాయి. మిషన్ లేకపోతే పాపకి ఏమీ వినపడదు, చీకట్లో నా పెదాలూ కనపడవు. కాసేపు గుక్కపట్టి ఏడ్చి, నా గొంతు మీద అరచెయ్యి పెట్టి పట్టుకుంది. చెయ్యి తీస్తే మళ్ళీ ఏడుపు. తెల్లారేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, దుర్గమ్మని తిట్టాను, మొక్కుకున్నాను కూడా. పొద్దున పడవలో వచ్చిన కుర్రాళ్ళు ముందు మిషన్ డబ్బాని కవర్లో చుట్టి, తర్వాతే మమ్మల్ని ఎక్కించారు. వాళ్ళ పేర్లు కూడా అడగలేకపోయాను, చల్లగా ఉండాలి.

మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచీ తెల్ల పాయ ఉన్నా, పుట్టిన బిడ్డ కళ్ళు నీలంగానో చెరో రంగులోనో ఉన్నా వెంటనే ఓఏఈ అనే వినికిడి టెస్ట్ అడగండి. బిడ్డ నిద్రపోతుండగానే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఎవరైనా "లేటుగా వస్తాయిలే" అంటే, టెస్టుకి చీటీ రాసిచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.