సబ్‌నెట్ లెక్కలో మార్కులు ఎక్కడ జారిపోతాయంటే

ద్వారకానగర్ లైబ్రరీలో గేట్ పరీక్షకి చదివేవాళ్లలో చాలామంది ఐపీ అడ్రసింగ్ (నెట్‌వర్క్‌లో మెషీన్లకిచ్చే నంబర్ల పాఠం) తెరవగానే ఏ, బీ, సీ క్లాసులు బట్టీ పట్టడం మొదలెడతారు. దానికి ఒక్క పూట చాలు. 1993లో సీఐడీఆర్ (క్లాసులతో పనిలేకుండా అడ్రసులు పంచే పద్ధతి) వచ్చాక నెట్‌వర్క్ భాగం ఎక్కడిదాకా అన్నది తేల్చేది క్లాసు కాదు, స్లాష్ తర్వాతి అంకె. అడ్రసులోని 32 బిట్లలో మొదటి ఎన్ని నెట్‌వర్క్‌వో అదే చెబుతుంది.

మన వైజాగ్‌లో డోర్ నంబరు 47తో మొదలైతే ద్వారకానగర్ వైపని తెలిసిపోతుంది, మిగతాది బ్లాకు, ఇల్లు. ఐపీ కూడా అంతే. కాకపోతే నెట్‌వర్క్‌నీ హోస్ట్‌నీ (అందులోని ఒక్కో మెషీన్‌నీ) విడదీసే గీత చుక్క దగ్గరే పడాలని లేదు, ఆక్టెట్ (చుక్కల మధ్య ఉండే 8 బిట్ల అంకె) మధ్యలోనూ పడుతుంది. తికమకంతా అక్కడే.

172.16.37.200/20 తీసుకోండి. మొదటి రెండు ఆక్టెట్లకు 16 బిట్లు పోతే మూడోదానికి 4 మిగులుతాయి. నెట్‌వర్క్ బిట్లన్నీ 1గా, మిగతావి 0గా రాస్తే వచ్చే మాస్క్ 255.255.240.0. 256లోంచి 240 తీస్తే 16, అంటే మూడో ఆక్టెట్‌లో నెట్‌వర్కులు 0, 16, 32, 48 అంటూ నడుస్తాయి. 37 పడేది 32కీ 48కీ మధ్య. నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే చివరి అడ్రసు) 172.16.47.255, ఆ రెండూ తీసేస్తే హోస్టులు 4094. హడావుడిలో 172.16.37.255 అని పెట్టేసి వచ్చేవాళ్లు బోలెడు. అది ఇక్కడ మామూలు హోస్ట్ అడ్రసే! 172.16.40.0 కూడా అంతే. ఎప్పుడూ /24 లెక్కలే చేస్తే చివర 255 కనిపించగానే బ్రాడ్‌కాస్ట్ అనిపిస్తుంది. అందుకే రోజుకు పది లెక్కలు చేస్తే ఆరైనా /17 నుంచి /23 లోపువి చేయండి.

192.168.10.0/24ని 100, 50, 25 హోస్టులుండే మూడు సబ్‌నెట్లుగా (చిన్న నెట్‌వర్కులుగా) పంచమంటే పెద్దదానితో మొదలెట్టాలి: .0/25, .128/26, .192/27. చిన్నదాన్ని ముందు .0 దగ్గర పెట్టేసి, పక్కనే .32 నుంచి /25 వేద్దామంటే కుదరదు. /25 మొదలయ్యేది 0 దగ్గర, లేదా 128 దగ్గర. ఇంకో మెలిక: 30 హోస్టులకు /27 సరిగ్గా సరిపోతుంది. ‘రౌటర్ ఇంటర్‌ఫేస్ కాకుండా’ అన్న ముక్క ప్రశ్నలో ఉంటే రౌటర్‌కీ ఒకటి కలిపి 31 అడ్రసులు కావాలి, /26కి పోవాల్సిందే.

ప్యాకెట్ ఎటు పంపాలో చెప్పే రౌటింగ్ టేబుల్లో ఒకే అడ్రసు /16కీ /20కీ సరిపోతే /20దే పైచేయి, ఏది ముందు రాసున్నా సరే. సొంత నెట్‌వర్క్ లోపలే వాడే ప్రైవేట్ రేంజిల్లో మధ్యదాన్ని ఒకసారి చూసుకోండి, 172.16 నుంచి 172.31 వరకే. 172.32 అంటే పబ్లిక్.

అంకె టైప్ చేసే ప్రశ్నలకు నెగెటివ్ లేదు, ఖాళీగా వదలకండి. ఒకటే సరైన జవాబున్న ఆప్షన్ ప్రశ్నలో మాత్రం తప్పుకు మూడోవంతు పోతుంది. గీత పడిన ఆ ఒక్క ఆక్టెట్‌ను బైనరీలో రాసి చూసుకున్నాకే నొక్కండి.