నాలుగు తీగలు

పన్నెండు దాటింది, నిద్ర పట్టట్లేదు. నాన్న అన్న ఒక్క మాట చెవుల్లోనే ఉండిపోయింది. "పోన్లే బాబూ, రేపు సూద్దాం." విసుక్కున్నా బాగుండేది. నెమ్మదిగా అనేసి, కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుని కిందకి దిగిపోయారు.

పనేం పెద్దది కాదు. ఆయన విండోస్ లాప్‌టాప్‌లోంచి పైగదిలో ఉన్న నా లినక్స్ డెస్క్‌టాప్‌కి ఫొటోలు ఎక్కించాలి, అంతే. లినక్స్‌లోని ఫోల్డర్ విండోస్‌కి కనపడేలా సాంబా షేర్ పెట్టి రెండేళ్లయింది, అమ్మ సీరియళ్లూ పాటలూ అన్నీ అందులోంచే నడుస్తున్నాయి, ఎప్పుడూ పేచీ రాలేదు. ఇవాళ ఫోల్డర్ తెరిస్తే పైన ఆ పచ్చగీత పాకడం మొదలెట్టి పాకుతూనే ఉంది, కాపీ చూస్తే ఫొటోకి రెండేసి సెకన్లు. ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అరగంట కూర్చున్నారు.

ఫోన్‌లో వెతికితే ఏ వీడియో అయినా ముందు ఎస్‌ఎంబీ వన్, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి, ఆన్ చెయ్యమనే. ఎందుకు చెయ్యాలి? 2017 మేలో వన్నాక్రై వైరస్ ఊళ్లకి ఊళ్లు కంప్యూటర్లకి తాళాలేసి డబ్బులడిగింది ఆ పాత ఎస్‌ఎంబీ వన్ కన్నంలోంచి దూరే కదా, ఆ ఏడాది చివర్నుంచి విండోస్ 10 కొత్తగా వేసుకుంటే అది రాకుండా ఆపేశారు కూడా. మూసిన తలుపు మళ్లీ తియ్యమంటారు, తీసినా స్పీడు రాదు, అదీ నా మంట. విని ఆన్ చేసేవాళ్ల ఇళ్లలోనూ ఉన్నవి ఇలాంటి ఫొటోలే కదా.

సరే అని ఐపెర్ఫ్ పెట్టి కొలిచాను. దానికి ఫైళ్లతో పనిలేదు, వైరు ఎంత మోస్తాదో అదే చెప్తాది. సెకనుకి 94 మెగాబిట్లు. గిగాబిట్, అంటే వెయ్యి రావాల్సినచోట వంద దగ్గర ఆగిపోయింది. గోడ దగ్గర కనెక్టర్‌కి లైటేసి చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే లోపలికెళ్లాయి, మిగతా నాలుగూ మొదట్లోనే కోసేశాడు! వందకి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. వైరు లాగిన కుర్రాడికి ఆ రోజు టీ ఇచ్చి పక్కనే నిలబడ్డాను, "నెట్ వస్తంది కదండీ" అన్నాడు, వచ్చింది కాబట్టి డబ్బులిచ్చాను. ఎనిమిది పెట్టడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుని ఏం చేసుకున్నాడో నాకు అర్థం కాదు.

కాలేజీ రోజుల క్రింపింగ్ టూల్ వెతికి, ఎనిమిది తీగలూ పెట్టి కనెక్టర్ మళ్లీ కొట్టాను. 940 వచ్చింది. వీడియో ఫైల్ ఒకటి వేస్తే సెకనుకి పదకొండు ఎంబీ దగ్గర పాకేది వంద దాటేసింది. ప్రాణం లేచొచ్చింది.

ఫొటోలు మాత్రం మళ్లీ అలాగే.

ఇవి ఏ ఫొటోలో చెప్పలేదు కదా. 2018 సంక్రాంతికి ఉద్దానంలో తోట దగ్గర నాన్న తీసినవి. ఆ అక్టోబర్ 11 తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఊరికి ఫోన్లు మోగట్లేదు. మూడోరోజు నాన్నా నేనూ బండిమీద వెళ్లాం, రోడ్డుమీద పడ్డ చెట్లు నరికినంత మేరే దారి, కొంతదూరం బండి దిగి తోసుకుంటూ. తోట దగ్గరికొచ్చాక ఎక్కణ్నుంచి చూసినా ఆకాశమే. అంతకుముందు ఆ తోటలో తలెత్తితే మట్టలే కనపడేవి. జీడిచెట్లు వేళ్లతో లేచిపోయి పడున్నాయి. నాన్న ఏడవలేదు, పడున్న కొబ్బరి మానుల్ని ఒక్కోటీ చేత్తో తడుతూ లెక్కపెట్టారు, మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి. బావి గట్టు మీద కూర్చుని నీళ్లడిగారు. తెచ్చిన సీసా బండి దగ్గరే మర్చిపోయాను. ఆ తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడు గెలలేస్తున్నాయి, అందుకే అప్పటి ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి చూడాలని ఆయనకి.

అంచేత మళ్లీ కూర్చున్నాను. అప్పటిదాకా తప్పంతా వైరుదే అనుకున్నాను, సగమే. మిగతా సగం మాదే, వాట్సాప్ బొమ్మలతో సహా అరవై వేల పైచిలుకు ఒకే ఫోల్డర్‌లో కుక్కేశాం. విండోస్‌కి పెద్దబడి, చిన్నబడి అక్షరాలు ఒకటే, లినక్స్‌కి రెండూ వేర్వేరు. కొత్త ఫొటో వచ్చినప్పుడల్లా ఆ పేరు వేరే బడిలో ముందే ఉందేమోనని సాంబా ఫోల్డర్ మొత్తం తిరగేస్తాది. పెళ్లిలో చదివింపులు రాసేవాడు మనిషి మనిషికీ పుస్తకం మొదటి పేజీనుంచి చదివితే ఎలా ఉంటాది, అలాగ. సెట్టింగులతో సరిచెయ్యొచ్చు గానీ పేర్లన్నీ ఒకే బడిలోకి మార్చాలి. ఏడాదికో ఫోల్డర్ చేసేశాను. విండోస్‌లో ఆ ఫోల్డర్లని పిక్చర్స్ బదులు జనరల్ ఐటమ్స్ అని మార్చాను, తెరిచిన ప్రతిసారీ చిన్నబొమ్మల కోసం అన్ని ఫొటోలూ లాగడం మానేసింది.

పదకొండూ నలభైకి అన్నీ ఎక్కేశాయి. కింద లైట్లు ఎప్పుడో ఆరిపోయాయి.

శనివారం అప్ప వస్తాది, తన మ్యాక్ తెరిచిన ప్రతి ఫోల్డర్‌లో డీఎస్ స్టోర్ అని ఓ ఫైలు వదిలిపోతాది, నెట్‌వర్క్ మీద రాయకుండా దానికీ ఓ సెట్టింగ్ ఉంది, పెట్టించాలి.

ఇప్పుడు బావి ఫొటో తెరిచి చూస్తున్నాను. బావి పక్క వరసలో పదకొండు చెట్లని నాన్న ఎప్పుడూ చెప్తారు. ఇందులో తొమ్మిదే ఉన్నాయి. మిగతా రెండూ ఫొటోలో పడలేదేమో, పొద్దున్న అడగాలి.