బ్రిస్టల్‌లో మేరీ కార్పెంటర్‌ని వెతుక్కుంటూ

బ్రిస్టల్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది రాజా రామ్మోహన్ రాయ్ సమాధికి దణ్ణం పెట్టుకుని, సస్పెన్షన్ బ్రిడ్జి దగ్గర ఫొటోలు దిగి ట్రైన్ ఎక్కేస్తారు. మేమూ అలాగే వచ్చేసేవాళ్ళమే కానీ మా పిన్ని పోనివ్వలేదు. పిన్ని రాజమండ్రిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది, వీరేశలింగం గారి ఊరు కదా, బ్రహ్మసమాజం పేరెత్తితే చెవి కోసుకుంటుంది. "సమాధి సరేరా, ఆయన కోసం ఏడ్చిన ఆ పిల్ల ఇల్లు కూడా ఇక్కడే ఉందిట, అది చూపించు" అంది. ఆ పిల్ల మేరీ కార్పెంటర్, పెద్దయ్యాక బీదపిల్లలకీ, నేరాలు చేసి పట్టుబడ్డ పిల్లలకీ బళ్ళు పెట్టినావిడ.

రెడింగ్ నుంచి ట్రైన్‌లో టెంపుల్ మీడ్స్‌లో దిగి టౌన్‌లోకి నడిచాం, అక్కణ్ణుంచి పార్క్ రో దాకా ఎత్తే, పిన్ని మోకాళ్ళు మొరాయించాయి కానీ ఆగుదామంటే ఒప్పుకోదు. ఆవిడ బడి నడిపిన ఇల్లు, రెడ్ లాడ్జ్, అక్కడే ఉంది, బయటనుంచి పెద్ద హంగుగా ఏమీ ఉండదు, పక్కనుంచి వెళ్ళిపోయినా ఎవరూ తిరిగి చూడరేమో. 1580 ప్రాంతంలో ఒక ధనవంతుడు తన పెద్ద మేడ తోట చివర అతిథుల విందుల కోసం కట్టించిన ఇల్లట. ఇప్పుడు మ్యూజియం. పైన గ్రేట్ ఓక్ రూమ్ అని ఒకటుంది, గోడలన్నీ చెక్కే, నల్లగా నిగనిగలాడుతూ, గదిలోకి అడుగుపెట్టే చోట లోపలివైపే ఒక చిన్న మంటపంలాగా చెక్కారు, పైకి చూస్తే సున్నపు పూతలో ముగ్గులు పెట్టినట్టు సీలింగు, ఓ పక్క మనిషి కంటే ఎత్తు రాతి పొయ్యిగూడు. పిన్ని అటూ ఇటూ చూసి "దొంగతనాలు చేసిన ఆడపిల్లల్ని తెచ్చి ఇంత మంచి ఇంట్లో పెట్టిందా!" అంది.

అదే కదా అసలు విషయం. 1854లో కవి బైరన్ భార్య లేడీ బైరన్ ఈ ఇల్లు కొని మేరీకి ఇస్తే, ఆవిడ ఇక్కడ ఆడపిల్లల కోసమని విడిగా రిఫార్మేటరీ స్కూల్ పెట్టింది, అంటే నేరం చేసిన పిల్లల్ని ఉంచి దారిలో పెట్టే బడి. అంతకుముందు 1846లోనే లూయిన్స్ మీడ్‌లో చింకిబట్టల పిల్లలకి ర్యాగ్డ్ స్కూల్ మొదలుపెట్టింది, 1852లో కింగ్స్‌వుడ్‌లో ఇంకో రిఫార్మేటరీ. ఆ రోజుల్లో పదేళ్ళ పిల్ల రొట్టె దొంగిలించినా పెద్దవాళ్ళతో పాటు జైలే. మేరీ 1851లో దీని మీద ఒక పుస్తకం రాసింది, ఆ ఏడాదే బర్మింగ్‌హామ్‌లో సభ జరిగితే అక్కడ కూచుంది కానీ నోరు విప్పలేదు, ఆడవాళ్ళు సభలో మాట్లాడకూడదని ఆవిడకే అనిపించేదట అప్పట్లో! తర్వాత ఏడాదే పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, 1854లో చట్టం వచ్చింది. పదహారేళ్ళలోపు పిల్లల్ని రెండు నుంచి ఐదేళ్ళు రిఫార్మేటరీకి పంపచ్చు, కానీ ముందు కనీసం 14 రోజులు జైల్లో ఉండాలి అని అందులో ఒక మెలిక పెట్టారు. మేరీకి అది అస్సలు నచ్చలేదు, పిల్లకి ఇల్లు కావాలి, శిక్ష కాదు, అని జీవితాంతం పోట్లాడింది. ఆ మెలిక తీసేసింది 1899లో, అప్పటికి ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

అయితే ఇక్కడ పిల్లలకి చదువు కంటే బట్టలుతకడం, కుట్టుపని, వంటపని ఎక్కువ. బయటికెళ్ళాక ఏదో ఇంట్లో పనిమనిషిగా చేరితే అదే విజయం. పిన్నికి ఇక్కడ కోపమొచ్చింది, "ఇంత చేసి చివరికి అంట్లు తోమడానికా" అని. నేను ఆ కాలం అదే కదా పిన్నీ అన్నాను, "కాలం మీదకి నెట్టెయ్యకు, ఆవిడ తండ్రి ఆవిడకి లాటిన్, గ్రీకు నేర్పించాడా లేదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే నేర్పించాడు. 1858లో ఆవిడతో కలిసి పనిచేద్దామని వచ్చి ఉన్న రచయిత్రి ఫ్రాన్సిస్ పవర్ కాబ్ అయితే పని, తిండి రెండూ తట్టుకోలేక కొన్నాళ్ళకే వెళ్ళిపోయింది, మేరీకి భోజనం మీద ధ్యాసే ఉండేది కాదట. పెళ్ళి చేసుకోలేదు, అదే ఏడాది ఐదేళ్ళ పాపని దత్తత తీసుకుంది.

కిందికి దిగేటప్పుడు లూయిన్స్ మీడ్ మీదుగా వచ్చాం. మేరీ తండ్రి లాంట్ కార్పెంటర్ పాస్టర్‌గా ఉన్న యూనిటేరియన్ (త్రిత్వం లేదు, దేవుడు ఒక్కడే అనే క్రైస్తవ శాఖ) చర్చి బిల్డింగ్ ఇంకా ఉంది, లోపల ఆఫీసులు. 1833లో రామ్మోహన్ రాయ్ బ్రిస్టల్ వచ్చి ఊరి పక్కన స్టేపుల్టన్‌లో చనిపోతే లాంట్ గారు సంతాపంగా ప్రసంగం చేశాడు, మేరీకి అప్పుడు 26, ఆయన మీద పద్యాలు రాసింది. అక్కడ మొదలైన ఇండియా పిచ్చి 33 ఏళ్ళు లోపల దాచుకుని 1866లో, 59 ఏళ్ళ వయసులో, ఓడెక్కింది. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు, ఈజిప్టులో నేల మీద దాటాలి. బొంబాయి, అహ్మదాబాద్, మద్రాసు, కలకత్తా, వెళ్ళిన చోటల్లా బడి, ఆ వెంటనే జైలు. టీచరమ్మలుంటే గానీ ఆడపిల్లలు బడికి రారు, కాబట్టి ముందు ఆడవాళ్ళకి ట్రైనింగ్ స్కూళ్ళు పెట్టండి అని ఆవిడ వాదన. కలకత్తా దగ్గర విద్యాసాగర్‌తో కలిసి ఉత్తరపాడా బడి చూసి వస్తుంటే ఆయన బండి బోల్తాపడింది, ఆ దెబ్బ నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు. ఐనా ట్రైనింగ్ స్కూల్ ఆలోచన మన దగ్గర కుదరదని ప్రభుత్వానికి రాసింది కూడా ఆయనే, ఎందుకంటే ఇళ్ళల్లో ఎదిగిన ఆడవాళ్ళని బయటికి పంపరని ఆయనకి తెలుసు. కలకత్తాలో పెట్టిన స్కూల్ కొన్నేళ్ళకే మూసేశారు. నాకైతే ఇద్దరూ కరెక్టే అనిపిస్తుంది. పిన్ని మాత్రం మేరీ వైపే, "మరి 1874లో ధవళేశ్వరంలో పంతులు గారు బాలికల బడి పెట్టలా? పిల్లలు రాలా?" అని గట్టిగా అడిగింది, రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

ఆర్నోస్ వేల్ శ్మశానం బాత్ రోడ్డులో, బస్సులో వెళ్ళాం. ద్వారకానాథ్ టాగోర్ 1843లో స్టేపుల్టన్ నుంచి రామ్మోహన్ రాయ్ అవశేషాలు తెప్పించి ఇక్కడ కట్టించిన ఛత్రి గేటుకి దగ్గర్లోనే కనిపిస్తుంది, ఇంగ్లీషు చెట్ల మధ్య స్తంభాలూ గోపురంతో అచ్చం మన ఊరి నుంచి ఎత్తుకొచ్చినట్టు. మేరీ 1877లో 70 ఏళ్ళకి పోయింది, ఆవిడనీ ఇదే శ్మశానంలో పెట్టారు, కానీ ఆ చోటు చూపించమని అడిగితే గానీ దొరకదు, స్థలం కొండవాలు, చెట్లూ తుప్పలూ బాగా పెరిగి ఉంటాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట, ముందు రెడ్ లాడ్జ్ చూడండి, తర్వాత ఆర్నోస్ వేల్. రెడ్ లాడ్జ్ చలికాలంలో మూసేస్తారు, మిగతా నెలల్లో కూడా వారమంతా తెరవరు, ఏ రోజులో ముందే చూసుకుని వెళ్ళండి. పెద్దవాళ్ళుంటే పార్క్ రో దాకా టాక్సీ తీసుకోండి, మా పిన్నిలాంటి వాళ్ళు వద్దన్నా సరే.