కీ ఎవరి దగ్గరుంది?

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు ఊరు. 2021 పంచాయతీ ఎన్నికల్లో మా సర్పంచ్ పదవి మహిళలకి రిజర్వ్ అయింది. నిలబడ్డాను, గెలిచాను. గెలిచాక నన్ను ఎక్కువమంది అడిగింది రోడ్ల గురించో నీళ్ల గురించో కాదు. కీ ఎవరి దగ్గరుందని.

కీ అంటే డిజిటల్ సంతకానికి కంప్యూటర్‌కి గుచ్చేది. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు ఇప్పుడు ఆన్‌లైన్లోనే కదులుతుంది, సర్పంచ్ డిజిటల్ సంతకం పడకపోతే బిల్లు రాదు. అందుకే ఆడమనిషి సర్పంచ్ అయితే ముందు ఆ కీ మీద కన్నేస్తారు.

మా ఆయన చెన్నైలో పనిచేస్తాడు. మా వైపు మగాళ్లు చాలామంది అలా వలస పోయినవాళ్లే. గ్రామసభకి వచ్చేది ఆడవాళ్లు, కుళాయి రాలేదని చెప్పేదీ వాళ్లే. బిల్లు మాట వచ్చేసరికి మాత్రం ఎక్కడినుంచో మగాళ్లు దిగుతారు.

"ఓలమ్మా, ఆ కీ మీ మరిదికిచ్చీ. సంతకాలే కదేటి, నీకెందుకీ తలనొప్పి?" అన్నాడొక పెద్దాయన.

"రోడ్డు కొలిచాక పెడతాను మావయ్యా" అన్నాను.

కొలిచాం. ఎం-బుక్‌లో, అంటే పనుల కొలతలు రాసే పుస్తకంలో, రాసిన మందం సిమెంటు రోడ్డుకి లేదు. సంతకం పెట్టలేదు. ఆ వారంలోనే, మండలాఫీసుకి కార్యదర్శి బండెక్కి వెళ్లిన నా ఫొటో మా ఆయన ఫోన్‌కి చేరింది. కింద ఏం రాశారో ఇక్కడ రాయను. ఆయన నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "ఎంత బిల్లు ఆపావు?"

ఆ ప్రశ్న వేసే మనిషి అందరిళ్లలో ఉండడు. తిట్లకి నిలబడిన ఆడవాళ్లని చూశాను. ఇలాంటి ఫొటో ఇంట్లో పడ్డాక మాత్రం అత్తగారే కీ లాక్కుని కొడుకు చేతిలో పెట్టిన ఊరు నాకు తెలుసు. ఆ సర్పంచ్ మండల సమావేశానికి రాదు. ఆమె కుర్చీలో భర్త కూర్చుంటాడు, అధికారులు అతన్నే "సర్పంచ్ గారూ" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆమె వస్తేనే మాట్లాడతామని ఒక్క అధికారి అంటే చాలు, ఆ కుర్చీ ఆమెకి తిరిగొస్తుంది.

ఇక పార్టీ సమావేశాలు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు గానీ పార్టీలు ఉంటాయి. రాత్రి ఎనిమిదికి మండల నాయకుడి ఇంట్లో పెడతారు, అప్పటికి మా ఊరికి ఆటోలు ఉండవు. మర్నాడు ఎవరో వచ్చి నిర్ణయం చెబుతారు.

కావలి ప్రతిభా భారతి గారు మా జిల్లావారే, 1999లో శాసనసభ స్పీకర్ అయ్యారు. మహిళా దినోత్సవం నాడు ఆవిడ పేరు మైకులో చెప్పినవాళ్లే, వేదిక దిగాక "మీవారు రాలేదేటి?" అని నన్నడుగుతారు.

ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి వీల్లేదన్న నిబంధన 2024లో తీసేశారు. మా వీధిలో ముగ్గురు పిల్లల తల్లి ఒకామె, నాకు వదిన వరస, ఈసారి నిలబడతానంటోంది. ఎం-బుక్ చదవడం నేర్పుతున్నాను, కాలువ పనులు కొలిచేటప్పుడు టేపు రెండో కొస ఆమె చేతికే ఇస్తున్నాను. మొన్న అడిగింది, నామీదా అలాంటి మాటలు పుట్టిస్తారా అని. పుట్టిస్తారు వదినా, నామినేషన్ వేయకముందే అన్నయ్యతో కూర్చుని అన్నీ చెప్పి ఉంచు అన్నాను.