గోడాట్ ఎడిటర్‌కి తెలుగు డైలాగులు అందించే చిన్న సర్వర్

మా ఆటకి డైలాగులు రాసేది మా వదిన. ఆవిడ మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుంటుంది, ఆ ఫోల్డర్ నా కంప్యూటర్‌లోకి సింక్ అవుతుంది. ఫైల్ మారగానే కొత్త వాక్యం గోడాట్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎడిటర్‌లోని డైలాగ్ పెట్టెలో కనిపించాలి. తెలుగు వాక్యం పెట్టెలో పడుతుందో లేదో కంటితో చూస్తే తప్ప తెలీదు. ఒత్తులు కింది లైన్ మీదకి దిగుతాయి, గుణింతాలు పై లైన్‌కి తగులుతాయి. అందుకే ఎడిటర్‌కి తగిలించే ఈ ప్లగిన్ రాశాను, అది చిన్న సర్వర్‌లా వాక్యాలని అందుకుంటుంది.

గోడాట్ 4లో సర్వర్ తెరవడం తేలిక. యాడాన్స్ ఫోల్డర్‌లో ఒక ప్లగిన్, అందులో టీసీపీసర్వర్ అనే క్లాస్, దానికి ఒక పోర్ట్ నంబర్ (కనెక్షన్ ఏ ప్రోగ్రామ్‌కి వెళ్లాలో చెప్పే అంకె), అంతే. 6005 నుంచి 6007 దాకా ఎడిటర్ తన సొంత పనులకి వాడుకుంటుంది కాబట్టి వాటి జోలికి పోకండి. అడ్రస్ ఇవ్వకపోతే సర్వర్ అన్ని నెట్‌వర్క్‌ల నుంచీ కనెక్షన్లు తీసుకుంటుంది. 127.0.0.1 అని, అంటే ఈ కంప్యూటర్ నుంచి మాత్రమే అని, తప్పకుండా ఇవ్వండి.

అసలు పని ఆ తర్వాతే. టీసీపీకి, అంటే ఈ సర్వర్ డేటా అందుకునే నెట్‌వర్క్ పద్ధతికి, మెసేజ్ అంటే ఏమిటో తెలీదు, దానికి తెలిసింది బైట్ల వరస ఒక్కటే. బకెట్లతో ట్యాంకులో పోసిన నీళ్లు కొళాయిలో ధారగా వచ్చినట్టే, రెండు వాక్యాలు కలిసి రావచ్చు, ఒక వాక్యం సగమే రావచ్చు. ఎక్కడ ఒకటి ముగిసిందో మనమే చెప్పాలి. నేను ప్రతి వాక్యం ముందు నాలుగు బైట్లలో దాని పొడవు పంపుతాను.

ఆ పొడవు బైట్లలోనే ఉండాలి. 'నమస్తే' అన్న మాటని గోడాట్‌లో లెంగ్త్ అడిగితే 6 అంటుంది. అక్షరాలని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి తీగ మీద వెళ్లేది 18. ఇంగ్లిష్ మాటలతో పరీక్షిస్తే రెండు లెక్కలూ ఒకటే వస్తాయి, తేడా బయటపడదు. నన్నడిగితే ఏ భాషలో ఆట చేసేవాళ్లయినా ఇలాంటి కోడ్‌ని ఒకసారి తెలుగుతో పరీక్షించాలి. ఇంకో సంగతి, వచ్చిన ముక్కని వచ్చినట్టే స్ట్రింగ్‌గా మార్చకూడదు, అక్షరం మధ్యలో తెగి ఉండొచ్చు. బైట్లన్నీ బఫర్‌లో (తాత్కాలికంగా దాచుకునే చోట) చేర్చి, చెప్పిన పొడవు నిండాకే మార్చాలి.

చదివేటప్పుడు, వచ్చినంత వరకే ఇచ్చే గెట్ పార్షియల్ డేటా అనే ఫంక్షన్‌నే వాడాను. గెట్ డేటా అయితే అడిగినన్ని బైట్లు వచ్చేదాకా ఆగిపోతుంది, దాంతో ఎడిటర్ మొత్తం బిగుసుకుపోతుంది. ప్రతి ఫ్రేమ్‌లో ముందు పోల్ చేసి (కనెక్షన్ స్థితి చూసి), ఉన్నంత చదివి బయటికొచ్చేయడమే మంచిది.

పొడవుకి ఒక హద్దు కూడా పెట్టాలి. ఎవరైనా బ్రౌజర్‌లో ఆ పోర్ట్ తెరిచారనుకోండి, మొదట వచ్చేది 'గెట్' అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక ఖాళీ. ఆ నాలుగు బైట్లని మన సర్వర్ పొడవు అనుకుంటే అది 54,23,93,671. అంటే దాదాపు 54 కోట్ల బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మా వాక్యాలకి 64 కేబీ చాలా ఎక్కువే, అది దాటితే కనెక్షన్ తెంపేస్తున్నాను. ప్లగిన్ ఆపినప్పుడు సర్వర్‌ని స్టాప్ చేసి పోర్ట్ వదిలేస్తున్నాను.

ఇక వెనక్కి కబురు పంపడం మిగిలింది. వాక్యం ఎన్ని లైన్లయింది, పెట్టె దాటిందా అన్నది ప్లగినే వదిన ఫైల్ పక్కన ఇంకో ఫైల్‌లో రాసిపెడితే, ఆవిడ నాకు ఫోన్ చేసి అడగక్కర్లేదు.