పెట్టెలో పెట్టినా మోగిన ఫోను

బుధవారం. ఉక్కపోత.

పొద్దున్న టిఫిన్ కాగానే పాత బస్టాండ్ వెనక సందులోకి పోయాను. రేకుల పని చేసే బాబాయికి, రేడియో సిగ్నల్ లోపలికీ బయటికీ పోకుండా ఆపేలా జీఐ రేకుతో ఒక పెట్టె చెప్పి ఉంచాను: అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పెట్టె తయారుగానే ఉంది. కాకపోతే మూత అంచు చుట్టూ రబ్బరు పట్టీ అతికిద్దామని జిగురు డబ్బా తీస్తున్నాడు. వద్దన్నాను.

"అదేటి బాబూ! రబ్బరెడితే సుక్క నీరు కారదు. నీరు కారని కాడ నీ సిగ్నలెలాగెల్తాది?"

ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. నలభై ఏళ్లుగా నీళ్లు కారని డబ్బాలు చేసిన మనిషి. కానీ రేడియోకి రబ్బరు అడ్డే కాదు, దర్జాగా దాటిపోతుంది. అదే మైక్రోవేవ్ ఓవెన్ తలుపు చూడండి, అద్దం వెనకాల రేకు నిండా చిల్లులే. నీళ్లు పోస్తే మొత్తం కారిపోతాయి, లోపలి తరంగం మాత్రం బయటికి రాదు. దాని పొడవు 12 సెంటీమీటర్లు, చిల్లు చూస్తే ఆవగింజంత. నీటికి కావలసింది సందు మూసుకోవడం, రేడియోకి కావలసింది లోహం లోహాన్ని తాకడం. బాబాయికి ఇది నోటితో చెప్పి లాభం లేదనిపించింది.

నా ఫోను పెట్టెలో పెట్టి మూత వేసి, గొళ్లెం పెట్టి, ఆయన ఫోనుతో చేయమన్నాను. లోపల నిక్షేపంగా మోగింది. కుర్రాళ్లిద్దరూ పని ఆపి నవ్వేరు. "ఇనప పెట్టెలోనా మోగతంది, ఏటిది!" అని బాబాయి మూత మీద చెవి పెట్టి మరీ విన్నాడు. రేకులో లోపమేం లేదు. ఈ ఫ్రీక్వెన్సీల్లో కరెంటు లోహం పైపొరలోనే పారుతుంది. రాగిలో 2 మైక్రాన్లు, జింకులో 4 మైక్రాన్ల లోతు. అంటే జీఐ రేకు మీది జింకు పూతే దాదాపు పనంతా చేసేస్తుంది, కింద ఇనుము దాకా పోనే పోదు. గోడలు బాగానే ఉన్నాయి, ఫోను మోగింది మూత సందు వల్ల.

సందు ఎంత సన్నమన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎంత పొడవన్నదే లెక్క. కాగితం దూరనంత సన్నటి సందైనా అడుగు పొడవున సాగితే అది యాంటెన్నాలాగే పనిచేస్తుంది. మేం చేసే చిన్న రేడియో యూనిట్లు పలికేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య, మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండులోనే. అక్కడ తరంగం పొడవు సుమారు 34.6 సెంటీమీటర్లు. అందులో ఇరవయ్యో వంతు, అంటే 1.7 సెంటీమీటర్ల కన్నా పొడుగు సందు ఎక్కడా మిగలకూడదని మా లైన్లో ఒక మోటు లెక్క. గొళ్లేనికీ గొళ్లేనికీ మధ్య జానెడు ఖాళీ ఉన్న ట్రంకు పెట్టె ఆ పరీక్షలో ఎలా నెగ్గుతుంది?

అసలీ పెట్టె ఎందుకంటే, నాగావళి ఒడ్డు తోటల్లో మోటార్లకి తగిలించే చిన్న లోరా యూనిట్లు చేస్తున్నాం. లోరా అంటే తక్కువ కరెంటుతో చాలా దూరం పలికే రేడియో పద్ధతి. అవి -137 డీబీఎం దరిదాపుల సిగ్నల్ కూడా వినగలవు (డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసం). వింటున్నాయో లేదో బల్ల మీద పరీక్షించాలంటే, ఒకదాన్నుంచి ఇంకోదానికి కేబుల్ వేసి మధ్యలో అటెన్యుయేటర్లతో సిగ్నల్ని చంపుకుంటూ రావాలి. కేబుల్లో ఎంత చంపినా, మీటరు దూరంలో ఉన్న యూనిట్ గాలిలోంచి వినేస్తుంటే ఆ లెక్కకి అర్థం లేదు. అందుకని ఒకదాన్ని బంధించాలి.

ఇక బాబాయి పని మొదలైంది. నేను చూస్తూ కూర్చున్నాను, సమయం తెలీలేదు. మూలల్లో రేకు మడిచి కొట్టిన కీళ్లన్నిటికీ టంకం పెట్టమన్నాను. కుంపట్లో కాగిన రాగి మొనని నవాసారం ముక్క మీద రుద్దగానే తెల్లటి పొగ లేచింది. కీలు మీద ఆసిడ్ రాసి, మొనని మెల్లగా లాక్కుంటూ పోతుంటే టంకం తళతళలాడుతూ దాని వెనకే పాకింది. ఒక్క చోట చెయ్యి ఆపలేదు, ఒక్క చోట తెగలేదు. తర్వాత మూత అంచు చుట్టూ కళాయి పూసిన రాగి తీగల అల్లిక రెండు వరసలు పరిచాం. ఉత్త రాగి అయితే మన సముద్రపు గాలికి జింకు పక్కన ఉండి రెండు వానాకాలాల్లో జింకుని తినేస్తుంది. గొళ్లెం తీసేసి చుట్టూ దగ్గర దగ్గరగా బిగించే క్లాంపులు. అంచుకి రంగు వెయ్యొద్దని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రంగు లేని పెట్టె ఇవ్వడం ఆయనకి నామోషీ.

మళ్లీ ఫోను పెట్టాం. ఈసారి ఆయన ఫోన్లో అమ్మాయి గొంతు, కవరేజ్ ఏరియాలో లేరని. "బాగుంది బాబూ, మా అల్లుడికోటి సేయించాల."

ఇలాంటి పెట్టెలకి ఆద్యుడు మైకేల్ ఫారడే 1836లో లండన్‌లో 12 అడుగుల గది కట్టుకుని అందులోకే వెళ్లి కూర్చున్నాడు. కొయ్య చట్రం, రాగి తీగ, కాగితం, తగరపు రేకు. ఆయనకి ఇలాంటి బాబాయి దొరికాడో లేదో.

సాయంత్రం ఇంట్లో కొలిచాను. లోపల యూనిట్‌కి యాంటెన్నా తగిలించి 14 డీబీఎం దగ్గర పెట్టాను. మూత తీసి ఉంటే మీటరు దూరంలో -20 చిల్లర, మూసి బిగిస్తే -90 చిల్లర. 70 డీబీ అంటే కోటో వంతు. వినడానికి బాగుంది కానీ సరిపోదు, -130 దగ్గర పరీక్షకి ఇంకా 40కి పైగా కావాలి. పవర్ వైరు బయటికి తీస్తే ఆ వైరే సిగ్నల్ని మోసుకొచ్చేస్తుంది కాబట్టి యూనిట్‌ని లోపలే బ్యాటరీ మీద నడుపుతున్నాను. గోడకి ఉన్న ఒకే ఒక చిల్లులో, పరీక్ష కేబుల్ తగిలించడానికి ఎస్‌ఎంఏ కనెక్టర్ బిగించాను. ఈ కొలతల పెట్టెలో 600 మెగాహెర్ట్జ్ దగ్గర్నుంచే ప్రతిధ్వనులు మొదలవుతాయి, వాటికి లోపల తరంగాన్ని పీల్చుకునే కార్బన్ ఫోమ్ అతికించాలి. అది ఆర్డర్ పెట్టాను.

చిన్న యాంటెన్నా పట్టుకుని చుట్టూ వెతికితే సిగ్నల్ కారుతున్నది మూత తిరిగే కబ్జాల వైపు. అక్కడ క్లాంపు లేదు, మూత ఒత్తుకోవడం లేదు. రెండో యూనిట్‌కి ఇంకో పెట్టె ఎలాగూ కావాలి. దానికి కబ్జాలు లేకుండా, మూత మొత్తం ఎత్తి పక్కన పెట్టేలా చేయమని ఫోన్ చేశాను.

"కబ్జాల్లేపోతే అది పెట్టేటి బాబూ, గంగాలం మీద మూతవుతాది," అన్నాడు. చేస్తానన్నాడు గానీ తన దగ్గర చేయించినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు.