ఎయిర్ పిస్టల్ పిడి: చేతికి సరిపడేలా ఇంట్లోనే చెక్కుకోవడం

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. పోటీ అంటే 60 షాట్లు, 75 నిమిషాలు. పిస్టల్ ఎంత ఖరీదైనదైనా పిడి చేతిలో కుదురుగా కూర్చోకపోతే, ప్రతి షాట్‌కీ మణికట్టు దాన్ని సరిచేస్తూనే ఉండాలి. సగం పోటీ అయ్యేసరికి చెయ్యి అలిసిపోతుంది, షాట్లు చెదిరిపోతాయి. కంపెనీ పిడి స్మాల్, మీడియం, లార్జ్ అని వస్తుంది. చేతులు మాత్రం మూడు సైజుల్లో పుట్టవు. అందుకే డబ్బు పెట్టి కొత్త పిస్టల్ కొనేముందు పిడి మీద పనిచేయమని నా సలహా.

ముందే ఒక హద్దు. 4.5 మి.మీ. పెల్లెట్‌తో, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కు మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం దాచుకోండి. ఇంట్లో చేసే పని పిడితోనే ఆగాలి. వాల్వు, రెగ్యులేటరు, సిలిండరు జోలికి పోవద్దు. గాలి సిలిండర్లో సాధారణంగా 200 బార్ ఒత్తిడి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందే దాన్ని విప్పి పక్కన పెట్టండి, లోపల పెల్లెట్ లేదని చూసుకోండి.

చెక్క విషయానికొస్తే, తిరుపతిలో అందరూ అడిగేది ఎర్రచందనం గురించే. వద్దు. పర్మిట్ లేని ముక్క దగ్గరుంటేనే కేసు. పైగా దాని రంగు ఆల్కహాల్‌లో కరుగుతుంది, శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే అరచెయ్యి ఎర్రబడుతుంది. చిత్తూరు వైపు మామిడి చెక్క చవకే, కానీ మెత్తన. మర బిగించిన చోట వదులవుతుంది, పురుగూ త్వరగా పడుతుంది. పాత ఇళ్ల టేకు ద్వారబంధాల ముక్కలు సామిల్లుల్లో అడిగి చూడండి, వాటిని మించింది లేదు. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కాబట్టి ఇక పెద్దగా వంకర తిరగదు. కోయించే ముందు అయస్కాంతం తిప్పి చూడండి, లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్లు పోతాయి. 140 × 100 × 50 మి.మీ. ముక్క చాలు.

చెక్కలోని నార పిడి పొడవునా పై నుంచి కిందికి ఉండాలి. అరచేతి కింద ఆనే బల్లను వేరే ముక్కతో చేసి, దాని నార అడ్డంగా పెట్టి, M5 (5 మి.మీ.) మరతో బిగించండి. మొత్తం ఒకే ముక్కలో చెక్కితే ఆ బల్ల పొట్టి నార మీద నిలబడుతుంది, ఒక్కసారి కింద పడితే పుటుక్కున ఊడిపోతుంది.

కంపెనీ పిడిని ముట్టుకోకండి, అది మీకు నమూనా. ఫ్రేము, అంటే పిస్టల్ లోహపు భాగం, కూర్చునే గాడి కొలతలు దాన్నుంచే తీసుకుని, డ్రిల్లుతో ఎక్కువ భాగం తొలిచి, మిగతాది ఉలితో చెక్కండి. ఎక్కడ తగులుతోందో తెలియాలంటే ఫ్రేము మీద కుంకుమను కొబ్బరినూనెలో కలిపి సన్నగా పూసి లోపలికి నెట్టి తీయండి. ఎర్రగా అంటిన చోటే గీరాలి. నల్లటి చెక్కయితే కుంకుమ కనబడదు, టాల్కం పౌడరు కలపండి. మే నెలలో బిగుతుగా కూర్చోబెట్టిన పిడి అక్టోబరు, నవంబరు వానల్లో ఉబ్బి ఫ్రేమును నొక్కుతుంది. కాగితం మందం ఖాళీ వదలండి. అంతకు మించి వదులు మాత్రం అస్సలు ఉండకూడదు, ఉంటే షాట్లు కిందికీ పైకీ సాగుతాయి. ఎక్కువ కోసేశారనుకోండి, ఫ్రేముకు రెండు పూతలు మైనం పాలిష్ పట్టించి గాడిలో ఎపాక్సీ వేసి సరిచేయవచ్చు. మైనం మరిచిపోతే పిస్టలూ పిడీ ఒకటైపోతాయి.

అసలు పని బయటి ఆకారంలో ఉంది. ముందు చేతికి కావలసినదానికంటే కొంచెం సన్నగా చెక్కి, ఆపై ఎం-సీల్‌తో పెంచుకోవడం నాకు నచ్చిన పద్ధతి. రెండు భాగాలూ సమంగా కలిపి పిడికి అద్ది, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, చెయ్యి చాపి గురిపెట్టినట్టే పట్టుకోండి. పిసికితే పిసికిన చెయ్యి అచ్చే వస్తుంది, గురిపెట్టే చెయ్యి అచ్చు రాదు. ఎండాకాలం మధ్యాహ్నం చేస్తే అది మీకంటే ముందే గట్టిపడుతుంది, తెల్లవారుజామున చేయండి. ఒక రోజు ఆరనిచ్చాకే ఆకురాయి పెట్టండి.

ఇక పరీక్ష. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి, టార్గెట్ వైపు నిలిపి, మణికట్టు కదపకుండా కళ్లు తెరవండి. గురి చూసే ముందు, వెనక సైట్లు వాటంతట అవే వరసలో ఉండాలి. కుడిచేతి వాళ్లకు ముందు సైటు వెనక సైటు గాడిలో ఎడమకు జరిగి కనిపిస్తే, పిడి కుడి పక్క వెనక భాగంలో ఎం-సీల్ పెంచండి, లేదా అదే పక్క ముందు భాగంలో గీరండి. ముందు సైటు కిందికి దిగి ఉంటే పిడి వెనక అడుగు భాగాన్ని లావు చేయండి, గొట్టం పైకి లేస్తుంది. ఒకసారికి ఒక్కచోటే మార్చాలి. రెండు చోట్ల మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చూపుడువేలు ట్రిగ్గరును తప్ప చెక్కను ఎక్కడా తాకకూడదు. వేలి పక్కన 2, 3 మి.మీ. ఖాళీ కనబడాలి. చాలామంది మిగతాదంతా బాగా చెక్కి ఇక్కడ వదిలేస్తారు. వేలు వెనక్కి వస్తూ చెక్కను నెడితే గొట్టం పక్కకు కదులుతుంది, షాట్లు ఎడమకు పోతుంటే ట్రిగ్గరును తిడతారు. బరువు ట్రిగ్గరు గార్డు కింద మధ్యవేలి మీద కూర్చోవాలి, బొటనవేలు ఊరికే ఆని ఉండాలి.

నున్నగా తోమకండి. 240 నంబరు ఉప్పుకాగితంతో ఆపేసి, వేళ్లు, అరచెయ్యి ఆనే చోట మొండి పంచ్‌తో దగ్గర దగ్గరగా చుక్కలు కొట్టండి. మన ఉక్కపోతకు మెరిసే మెలమైన్ పాలిష్ వేస్తే చెమటకు సబ్బులా జారుతుంది. ఉడికించిన అవిసె నూనె రెండు మూడు పల్చటి పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. కొబ్బరినూనె ఎప్పటికీ ఆరదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి. గీరేటప్పుడు మాస్కు తప్పనిసరి, చెక్క పొట్టు చాలామందికి పడదు.

పోటీలకు వెళ్లేవాళ్లు చివర్లో కొలతలు చూసుకోవాలి. పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టాలి, బరువు 1,500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గరు నొక్కడానికి పట్టే బరువు 500 గ్రాములకు తక్కువ కాకూడదు. ఇంట్లో చేసిన పిడి ఎక్కువగా దెబ్బతినేది 50 దగ్గరే. బొటనవేలి ఆనుడు, అరచేతి బల్ల రెండూ కలిసి వెడల్పు పెంచేస్తాయి. బల్ల పైకి వంగి చేతిని కరుచుకున్నట్టు ఉండకూడదు, పిడిలో ఏ భాగమూ మణికట్టును తాకకూడదు. ప్లైవుడ్‌తో లోపలి కొలత సరిగ్గా ఉన్న పెట్టె ఒకటి చేసుకుని, ఎం-సీల్ వేసిన ప్రతిసారీ పిస్టల్‌ను అందులో పెట్టి చూడండి.